దారి లేదని గెలిచిన కేసు

బ్రాడీపేటలో మేముండే మేడ కింద ఒక కోచింగ్ సెంటరు, పక్కనే స్కానింగ్ సెంటరు ఉన్నాయి. ఆ రెండు పెద్ద బోర్డుల మధ్య, వెలిసిపోయిన నా పేరు బోర్డును వెతికి పట్టుకుని అప్పుడప్పుడు కుర్ర ప్లీడర్లు పైకి వస్తుంటారు. కాఫీ తాగేదాకా వినయంగా ఉంటారు. తాగాక అడుగుతారు: "సార్, మీరు గెలిచిన కేసుల్లో మీకు బాగా గుర్తున్నది ఏది?"

వాళ్లు కోరుకునేది హత్య కేసు. నా దగ్గర అవీ కొన్ని ఉన్నాయి. కానీ నాకు బాగా గుర్తున్నది నాలుగడుగుల దారి కేసు. అది ఆరు నెలల్లో గెలిచాను. దాన్నుంచి బయటపడడానికి ఆరేళ్లు పట్టింది. ఈ వయసులో గెలుపుల గురించి చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మడం మానేశారు కాబట్టి, ఇది చెబితేనే మర్యాదగా ఉంటుంది.

ముందు నా సంగతి. సత్తెనపల్లి దాటాక వచ్చే ఒక చిన్న పట్నంలో నలభై ఏళ్లు ప్లీడరీ చేశాను. మధ్యలో ఐదేళ్లు శాసనసభలో కూర్చున్నాను. ఏ పార్టీ అని అడక్కండి, ఆ పార్టీయే ఇప్పుడు నన్ను గుర్తుపట్టదు. రెండు ఉద్యోగాల్లోనూ నాకు పెద్ద తేడా కనిపించలేదు. రెండు చోట్లా లేచి నిలబడి మాట్లాడాలి, రెండు చోట్లా వినాల్సినవాళ్లకు వేరే పనేదో ఉంటుంది.

నాకొక గుమాస్తా ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. కేసుల కట్టలు చంకలో పెట్టుకుని నా వెనకే నడిచేవాడు గానీ, నిజానికి నేనే ఆయన వెనక నడిచానని బారులో అందరికీ తెలుసు. నాకు చెప్పదలచుకున్నది ఎదురుగా చెప్పేవాడు కాదు. గోడ మీద క్యాలెండరుకు చెప్పేవాడు. నేను వినేవాణ్ని.

ఒక వేసవిలో మా పట్నానికి పది మైళ్ల దూరంలో ఉన్న ఊరి నుంచి ఒక మిరప రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి. మాట గట్టిది, మనసు ఎలాంటిదో అప్పటికి తెలియదు. ఆయనకు ఊరి చివర ఆరెకరాల నల్లరేగడి చెక్క ఉంది. ఆ చెక్కకు ఇవతల క్రైస్తవుల పాలెం, అవతల మిట్ట మీద వాళ్ల సమాధుల తోట. ఎవరైనా చనిపోతే పెట్టె మోసుకుని ఈయన చేలో నుంచే వెళ్లేవాళ్లు. ఆ ఏడు పండు మిరప కోతకు వచ్చినప్పుడు ఒక చావు జరిగింది. జనం ఎక్కువై కొన్ని సాళ్లు తొక్కుడుపడ్డాయి. ఈయన అరిచాడు. పాలెం కుర్రాళ్లు ఎదురు అరిచారు. మర్నాడు ఈయన ముళ్లతీగ కట్టాడు.

"దారనేది లేదు సార్ అసలు," అన్నాడు నా ముందు కూర్చుని. "ఏదో పోనీలే అని మా నాయన ఊరుకున్నాడు. ఊరుకుంటే దారైపోద్దా?"

"అవదు," అన్నాను. కొత్త కక్షిదారుతో ప్లీడరు మొదట అనే మాట అదే.

పాలెం పెద్దలు ఐదుగురిని ప్రతివాదులుగా చేర్చి, చేలో అడుగుపెట్టకుండా ఇంజంక్షన్ ఇవ్వమని దావా వేశాం. వాళ్లు తమ తాతల నాటి నుంచీ నడుస్తున్న దారని జవాబు దాఖలు చేశారు. గ్రామ నక్షాలో ఆ చేలో, దారికి గుర్తుగా వేసే చుక్కల గీత లేదు. ఆ నక్షా గీసినవాడు ఆ మిట్ట దాకా నడవలేదని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం ఆ నక్షాను అద్దం కట్టించుకున్నంత భక్తిగా చూశాను.

వాళ్ల తరఫు ప్లీడరు నా స్నేహితుడే. మంచివాడు, కానీ ప్రతి వాయిదాకూ ముందురోజు జలుబు చేసేది. అయినా ఒక తెలివైన పని చేశాడు. స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి కమిషనర్ను వేయమని పిటిషను పెట్టాడు. కమిషనర్ అంటే మాలో ఒక కుర్ర ప్లీడరే. కోర్టు పంపితే వెళ్లి, చూసింది చూసినట్టు రాసి ఇవ్వాలి.

ఇక్కడే నా ఘనత ఉంది. జాగ్రత్తగా వినండి.

మిరప తీసేశాక వేసవిలో ఆ చేను ఖాళీగా ఉంటుంది. బీటలు వారిన నల్లరేగడిలో ఆ దారి పాపిడి తీసినట్టు తెల్లగా, తిన్నగా కనిపించేది. కళ్లున్న కమిషనర్ ఎవరు వెళ్లినా కనిపించేది. నేను నా రైతును అడిగాను: "దుక్కి ఎప్పుడు దున్నుతావు?"

"వానలు పడంగానే."

"అయితే పడనీ."

అంతే. దున్నమని నేను చెప్పలేదు, దాచమని చెప్పలేదు. వాయిదాలు అడిగాను. ఒకసారి నాకు జ్వరం, ఒకసారి మా బంధువుల పెళ్లి, ఒకసారి అఫిడవిట్టు తర్జుమా కాలేదు. ఆ నెలల్లో మా బంధువుల్లో ఎవరికీ పెళ్లి కాలేదు. గుమాస్తా క్యాలెండరు వైపు చూసి, "ఈ ఏడు వానలు తొందరగానే వచ్చేట్టున్నాయి, అయ్యగారి జ్వరం తగ్గుద్ది," అన్నాడు.

వానలు వచ్చాయి. చేను దున్నారు. మిరప నారు నాటారు. కమిషనర్ వెళ్లాడు, చూశాడు, 'స్థలంలో దారి ఆనవాళ్లు ఏవీ లేవు' అని రాసి ఇచ్చాడు. ఆయన రాసింది అక్షరాలా నిజం.

తర్వాత సాక్షులు. ప్రతివాదుల తరఫున ముఖ్య సాక్షి పాలెంలో ఉండే పంతులమ్మ. అప్పటికి రిటైరయ్యారు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి, తెల్లచీర, చేతిలో నల్ల హ్యాండుబ్యాగు. ఆవిడ భర్త సమాధి ఆ మిట్ట మీదే ఉంది. వారానికోసారి వెళ్లి శుభ్రం చేసి వచ్చేవారట, తీగ కట్టేదాకా.

"ఆ దారి ఏ సర్వే నెంబరులో ఉంది?" అని క్రాసులో అడిగాను.

"తెలియదండి."

"పొడవెంత?"

"కొలవలేదండి."

"నెంబరు తెలియదు, పొడవు తెలియదు. మరి అది ఉందని ఎలా చెబుతున్నారు?"

"నడిచాను కాబట్టి," అన్నారావిడ. కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. నన్ను చూసి నవ్వారో, ఆవిడను చూసి నవ్వారో తేల్చుకోకుండానే నేనూ నవ్వాను. అప్పుడావిడ నా రైతు కూర్చున్న బెంచీ వైపు తిరిగి, "ఆ అబ్బాయి కూడా..." అని మొదలుపెట్టారు.

నేను వెంటనే లేచాను. "సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలి. అడగనివి చెప్పకూడదు."

జడ్జిగారు నిజమేనన్నారు. నా స్నేహితుడు ముక్కు తుడుచుకుంటున్నాడు. ఆవిడ ఆగిపోయారు. ఏం చెప్పబోయారో ఆవిణ్ని తిరిగి అడగాల్సినవాడు నా స్నేహితుడు, అడగలేదు. నేనెందుకు అడుగుతాను?

తీర్పు మాకు వచ్చింది. దారి లేదు, ఎవరూ నడవకూడదు. నా రైతు ఆ తీర్పు నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకున్నాడు. పాలెం వాళ్లు అప్పీలుకు వెళ్లలేదు. ఐదుగురు పెద్దలూ కూలి పనికి పోయేవాళ్లే. ఒక్కొక్క వాయిదాకు ఒక్కొక్క పనిదినం పోతోందని, పైకోర్టు ఇంకా దూరమని మానుకున్నారు. ఏ పక్షం ఎన్నాళ్లు ఆగగలదో చూసుకుని దావా నడపడం మా వృత్తిలో ఒక విద్య. ఆ విద్యలో నాకు మంచి పేరుండేది.

ఆ పేరు చూసే కాబోలు, రెండేళ్లకు నాకు టిక్కెట్టు ఇచ్చారు. ఆ ఏడు గాలి మా వైపు వీచింది. నేను గెలిచాను. గాలి అని నేను ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు నా వక్తృత్వం అనుకున్నాను.

గెలిచిన మూడో నెలలో పాలెం నుంచి ఒక అర్జీ వచ్చింది. 'మా సమాధుల తోటకు దారి ఇప్పించవలెను.' ఇప్పుడు వాగు గుండా చుట్టు తిరిగి వెళుతున్నామని, వేసవిలో మోకాలి లోతు ఉంటుందని, వానాకాలంలో పెట్టె మోసుకుని వాగు దాటడం ప్రాణం మీదికి వస్తోందని రాశారు. చేతిరాత ముత్యాల్లా ఉంది. పంతులమ్మది. కింద పెట్టిన వేలిముద్రల్లో ఐదు నాకు తెలిసినవే, దావా కాగితాల్లో చూసినవి.

గుమాస్తా ఆ అర్జీ చదివి క్యాలెండరుతో, "దారి లేదని చెప్పినాయన దగ్గరికే దారి అడగడానికి వచ్చారు. నమ్మకం గొప్పది," అన్నాడు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఒకప్పుడు ఎవరి తరఫున వాదించామో, అదే విషయంలో వాళ్లకు ఎదురు వాదించకూడదు. కోర్టుకు నేను పోలేను. ఎమ్మెల్యేగా చేయగలిగింది చేద్దామని, అధికారులు భూమి సేకరించి దారి వేస్తారేమోనని సభలో ప్రశ్న వేశాను. ఫలానా గ్రామంలో శ్మశానానికి దారి లేక ప్రజలు పడుతున్న ఇబ్బంది ప్రభుత్వం దృష్టికి వచ్చిందా అని. అప్పటికి రాజధాని హైదరాబాదే. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నియోజకవర్గం నుంచి నలుగురిని గ్యాలరీలో కూర్చోబెట్టి, నా ప్రశ్న వంతు కోసం ఎదురుచూశాను.

మంత్రిగారు లేచి కాగితం చూసి చదివారు. "అధ్యక్షా, ఆ స్థలంలో దారి ఎన్నడూ లేదని సివిల్ కోర్టు తీర్పు ఉంది. ఆ కేసులో రైతు తరఫున వాదించి గెలిచిన న్యాయవాది గౌరవ సభ్యులే. దారి లేదన్న విషయం మాకు తెలిసిందే వారి వల్ల."

సభ అంతా నవ్వింది. మా పార్టీవాళ్లు కొంచెం ఎక్కువే నవ్వారు. అధ్యక్షులు నవ్వు ఆపుకుంటూ, "గౌరవ సభ్యులకు అనుబంధ ప్రశ్న ఏమైనా ఉందా?" అని అడిగారు. లేదని కూర్చున్నాను. ఐదేళ్లలో నేను సభలో అంత క్లుప్తంగా మాట్లాడింది అప్పుడొక్కసారే.

హైదరాబాదు నుంచి వచ్చి నేరుగా నా రైతు దగ్గరికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చాడు. గౌరవంగా మంచం మీద దుప్పటి పరిచాడు. సంగతి చెప్పాను.

"నేనొకటి అడుగుతా, ఏమనుకోవద్దు," అన్నాడు. "దారి లేదని కోర్టులో చెప్పారు. ఇప్పుడు ఇమ్మంటన్నారు. అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడు నీ ప్లీడర్ని. ఇప్పుడు అందరి ఎమ్మెల్యేని."

"నా ఓటు కూడా అందులో ఉందా?"

"ఉంది."

"అయితే నా ప్లీడరుగానే ఉండండి," అన్నాడు. మజ్జిగ మాత్రం ఇంకో గ్లాసు పోశాడు.

అలా మూడేళ్లు గడిచాయి. నేను ఆర్డీవోకు రాసేవాణ్ని, ఆర్డీవో తహశీల్దారుకు రాసేవారు, తహశీల్దారు తీర్పు నకలు జతచేసి నాకు రాసేవారు. ఆ తీర్పు నకళ్లు నా దగ్గర ఏడు పోగయ్యాయి.

నాలుగో ఏడు వానాకాలం చివర్లో, ఒక మధ్యాహ్నం మార్కెట్ యార్డులో షెడ్డు ప్రారంభిస్తుండగా ఆ ఊరి ఎస్సై ఫోను చేశాడు. పాలెంలో ఒక ముసలాయన చనిపోయాడు. మా దావాలో మూడో ప్రతివాది. వాగు నిండుగా పారుతోంది. పెట్టె దాటించడం కుదరదు. కుర్రాళ్లు తీగ తెంచుకుని చేలోంచే పోతామంటున్నారు. రైతు, ఆయన బావమరుదులు కర్రలతో గట్టు మీద నిలబడ్డారు. "ఆర్డరు ప్రకారం నేను కుర్రాళ్లను ఆపాలి సార్. ఆపితే ఏమవుతుందో నాకు తెలియదు," అన్నాడు ఎస్సై.

రిబ్బను కత్తిరించకుండానే బయల్దేరాను. చేలకు ఫర్లాంగు దూరంలో జీపు నల్లరేగడిలో దిగబడింది. దిగి నడిచాను. ఆ మట్టి సంగతి మీకు తెలియకపోతే చెబుతాను. మొదటి నాలుగడుగులకు చెప్పులు పోతాయి. తర్వాత అడుగడుగుకూ కాలికి సేరు మట్టి అంటుకుంటుంది. తెల్లటి పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, కాళ్లకు రెండు నల్లటి దిమ్మలతో, ఒక ప్రజాప్రతినిధి అక్కడికి చేరాడు. ఎవరూ నవ్వలేదు. దాన్నిబట్టి పరిస్థితి ఎంత దూరం వచ్చిందో అర్థమైంది.

ఇవతల గట్టు మీద పెట్టె దించి ఉంది. చుట్టూ ఒక యాభై మంది. పాస్టరుగారు గొడుగు మడిచి పట్టుకుని నిలబడ్డారు. చనిపోయిన ఆయన ఆ చేలోనే నలభై ఏళ్లు పనిచేశాడు, నా రైతు తండ్రి కాలం నుంచి. అక్కడ ఏడుస్తున్న ఆడవాళ్లలో సగం మంది ఆ ఏడు ఆ చేలో నారు నాటినవాళ్లే. మిరప అప్పుడే పూతకు వచ్చింది.

నా రైతు చేతిలో కర్ర లేదు. కర్రలు బావమరుదుల దగ్గరున్నాయి. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది.

"రండి సార్. మీరే చెప్పండి వీళ్లకి," అన్నాడు. "మీరిప్పించిన కాగితమే ఇది."

"ఇవాళ్టికి వదిలెయ్యి. ఈ ఒక్కరోజుకి," అన్నాను మెల్లగా.

"ఒక్కరోజు వదిలితే ఏమవుద్దో మీరే చెప్పారు. ఒక్కసారి నడవనిస్తే హక్కు ఒప్పుకున్నట్టేనని. మర్చిపోయారా?"

మర్చిపోలేదు. ఆ సలహా ఇచ్చినప్పుడు నేను కూర్చున్న కుర్చీ కూడా గుర్తుంది. నలభై ఏళ్ల ప్లీడరీలో నా మాట అంత శ్రద్ధగా పాటించిన కక్షిదారు ఇంకొకడు లేడు.

కుర్రాళ్లలో ఒకడు తీగ మీద చెయ్యి వేశాడు. బావమరిది ఒకడు ముందుకు వచ్చాడు. ఎస్సై ఇద్దరి మధ్యకూ జరిగాడు. 

అప్పుడు పాలెం పెద్దాయన ఒకాయన, "వద్దురా. వాగులోనించే పోదాం. ఈదగలిగిన నలుగురు రండి," అన్నాడు. నలుగురు వంగి పెట్టె ఎత్తారు కూడా. వాగు హోరు అక్కడికి వినిపిస్తోంది.

"కాస్త ఆగండి," అన్న మాట వినిపించింది.

పంతులమ్మగారు. జనంలోంచి చేతికర్ర పోటు వేసుకుంటూ తీగ దాకా వచ్చారు. నల్ల హ్యాండుబ్యాగు ఆ రోజూ ఉంది. నన్ను దాటుకుని వెళ్లి నా రైతు ముందు నిలబడ్డారు.

"అబ్బాయ్, కోర్టులో నన్ను జవాబులే చెప్పమన్నారు. ప్రశ్న అడగనివ్వలేదు. ఇప్పుడు ఒకటి అడుగుతాను, చెబుతావా?"

"అడగండి పంతులమ్మగారూ," అన్నాడతను.

"మన బడి ఎక్కడుండేది?"

"ఆ మిట్ట మీద. సమాధుల పక్కన పాక."

"మూడో తరగతిలో నువ్వు రోజూ బురద కాళ్లతో వచ్చేవాడివి. నేను రోజూ కడుక్కోమని పంపేదాన్ని. ఎటునుంచి వచ్చేవాడివి?"

అతను తల తిప్పి చేను వైపు చూశాడు. ఎదురుగా మిరప సాళ్లున్నాయి, వాటి అవతల మిట్ట ఉంది. ఆ ఊరికి అప్పట్లో ఉన్న బడి అదొక్కటేనని, ఊరి పిల్లలూ పాలెం పిల్లలూ కలిసి అందులోనే చదివారని నాకు అప్పుడు తెలిసింది. కోర్టులో నేను లేచి ఆపిన మాట అదే. అక్కడున్న యాభై మందిలో అది తెలియనిది నాకూ ఎస్సైకీ మాత్రమే.

ఆవిడ తొందరపెట్టలేదు. పిల్లవాడు జవాబు గుర్తుచేసుకుంటున్నప్పుడు ఆగడం ఆవిడకు అలవాటే.

"ఇటే," అన్నాడు చివరికి.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. చిన్నగా తల ఊపి పక్కకు జరిగారు.

నా రైతు కవరును నా చేతిలో పెట్టాడు. తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. తీగ కట్టిన రాటను తనే రెండు చేతులా పట్టుకుని ఊపి పెరికాడు. బావమరుదులు ఏదో అనబోతే, "మీరుండండి," అన్నాడు. పాలెం పెద్దాయన వైపు చూసి, "తీసుకురండి. మొక్కలు చూసి నడవండి," అన్నాడు.

ఎస్సై నా చెవి దగ్గరకు వచ్చి, "సార్, ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఆర్డరు ఉంది గదా," అన్నాడు.

"తీగ కట్టినవాడే తీశాడు. నువ్వు టోపీ తియ్యి," అన్నాను.

పెట్టె చేలోకి వచ్చింది. ఆ నడక నేను మర్చిపోను. మోకాలి దాకా దిగబడే రేగట్లో, భుజాల మీద అంత బరువుతో, ఆ నలుగురూ సాళ్ల మధ్యే అడుగులు వేశారు. వెనక వచ్చే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పూత రాలకుండా దగ్గరకు పట్టుకున్నారు. వాళ్లు నాటిన మొక్కలే మరి. ఒక కుర్రాడు గీత తప్పితే నా రైతు ఊరుకోలేదు.

"ఏరా, ఆ మొక్క మీద కాలెయ్యకు."

"చూస్తన్నాలే బాబాయ్," అన్నాడు వాడు. పావుగంట క్రితం తీగ మీద చెయ్యి వేసినవాడే.

నేను గట్టు మీదే ఉండిపోయాను. చేతిలో నా తీర్పు ఉంది.

పది రోజుల తర్వాత నా రైతు ఆఫీసుకు వచ్చాడు. "దారి పంచాయతీకి రాసిచ్చేస్తా. కాగితం రాయండి," అన్నాడు.

"నాలుగడుగులేనా?"

"ఆరు. పెట్టె మోసేవాళ్ల పక్కన ఇంకొకడు నడవాలి గదా." లేచి వెళ్లబోతూ ఆగాడు. "ఈసారి ఉన్నదున్నట్టు రాయండి సార్."

రాశాను. పూర్వకాలం నుంచీ జనం నడుస్తున్న దారి అని మొదటి పేరాలోనే రాశాను. రాస్తుంటే గుమాస్తా క్యాలెండరు వైపు చూడలేదు. మొదటిసారి నా వైపే చూసి, "చేతిరాత బాగుందండి ఇవాళ," అన్నాడు.

ఇక్కడితో ఆపితే నా గౌరవం దక్కేది. కానీ ఎమ్మెల్యే సంగతి కూడా మధ్యలో ఎత్తాను కాబట్టి మిగతాది చెప్పాలి.

మరుసటి ఏడు ఎన్నికలు వచ్చాయి. నా కరపత్రంలో చేసిన పనుల జాబితా వేశాం. అందులో ఐదోది: 'పాలెం ప్రజల చిరకాల వాంఛ అయిన సమాధుల తోట దారిని పట్టుదలతో పోరాడి సాధించి ఇప్పించిన మీ నాయకుడు.' ఆ వాక్యం రాసింది పార్టీ కుర్రాళ్లు. ప్రూఫు చూసింది నేను. చూసి, 'పట్టుదలతో' ముందు 'మొక్కవోని' అని చేర్చింది కూడా నేనే.

ఓడిపోయాను. ఆ ఊళ్లో మరీ అన్యాయంగా ఓడిపోయాను. ఊరివాళ్లు, తమవాడి చేను దారికి పోయిందని నాకు వెయ్యలేదు. పాలెంవాళ్లెందుకు వెయ్యలేదో మాత్రం అర్థం కాలేదు. ప్లీడరు బుద్ధి ఎక్కడికి పోతుంది, కారణం తెలుసుకోకుండా ఉండలేక ఒక సాయంత్రం పంతులమ్మగారి ఇంటికి వెళ్లాను.

ఆవిడ కుర్చీ వేశారు. టీ పెట్టారు. బల్ల మీద నా కరపత్రం ఉంది. ఎర్ర సిరాతో రెండు అక్షరదోషాలు దిద్ది ఉన్నాయి. 'ఇప్పించిన' అన్న మాట కింద గీత గీసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంది.

"అమ్మా, ఒకటి అడగవచ్చా?" అన్నాను.

"ఓటు సంగతేనా?" అన్నారు. "నేను మీకు వెయ్యలేదండి."

"ఎందుకని?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపం లేదు. పాఠం అర్థంకాని పిల్లవాడికి ఇంకోసారి చెప్పే ఓపిక ఉంది, అంతే.

"దారి పోయింది మీవల్ల. వచ్చింది ఆ అబ్బాయి వల్ల. అతను నిలబడి ఉంటే అతనికి వేసేదాన్ని," అన్నారు. "టీలో పంచదార సరిపోయిందా?"

కోర్టుల్లో నాకు వ్యతిరేకంగా తీర్పులు చాలా వచ్చాయి. ప్రతిదానిలోనూ అప్పీలుకు ఏదో ఒక పాయింటు దొరికేది. దీని కోసం టీ అయ్యేదాకా వెతికాను. దొరకలేదు. పంచదార సరిపోయిందని చెప్పి వచ్చేశాను.